అతుకు దగ్గర

మా నాన్న లా షో-ద-ఫోన్‌లో
గడియారాల ఇరుసులకు మెరుగు పెట్టేవాడు.
తలవెంట్రుక వాటి ముందు మోకు.
"బలం ఊరికే పోదు లూడివిన్,
రెండు వస్తువులు ఒరుసుకునే చోట కారిపోతుంది" అనేవాడు
భూతద్దం కంటి నుంచి తియ్యకుండానే.

కార్ఖానా మూతపడ్డాక
ఆయన ఇత్తడి పట్టకారు జేబులో వేసుకుని
కొండ దిగి న్యూషాటెల్ చేరాను.

ఇక్కడ నా బల్ల మీద ఇరుసుల్లేవు.
అరచేతిలో ఇమిడే నల్లటి పలక,
రెండంతస్తుల కాపురం.
నీలాన్నీ పచ్చనీ పైవాళ్లు తినేస్తారు.
వాళ్లు వదిలేసిన ఎరుపును,
ఎరుపుకు అవతల కంటికి ఆనని దాన్ని
కింద సిలికాన్ ఏరుకుంటుంది.
ఇద్దరికీ ఒకటే మెట్లదారి.
ఎవరి చేతిలో తక్కువుంటే
వీధిలోకి వచ్చేది అంతే.
మిగిలింది లోపలే
ఎవరికీ అక్కరలేని వేడి.

నవంబరులో సరస్సు మీద పొగమంచు మూత పెడుతుంది.
షోమోఁ కొండెక్కిన వాళ్లు ఫోన్ చేసి చెబుతారు
పైన ఎండ కాస్తోందని.
కింద మాకది వదంతి.
మంచులోంచి వడిసి దిగేది నీలం పాలు ఎక్కువైన వెలుగు.
పై అంతస్తుకు విందు, కింది అంతస్తుకు పస్తు.
ఆ పస్తే ఇల్లంతటి లెక్క.

ఊర్సినా ఎగ్లి నష్టాల పట్టీ రాసి గోడకు అంటించింది.
అద్దం వెనక్కి కొట్టింది ఇంత.
వెండి గీతల నీడ ఇంత.
కరెంటు మొయ్యమని గీసిన గీతలే
ఎండకు అడ్డం నిలిచాయి, కంచే చేను మేసినట్టు.
సన్నగా గీశాం. నీడ తగ్గింది.
ఇరుకుదారిలో కరెంటు తోసుకుని తోసుకుని వేడెక్కింది.
తిలాపాపం తలా పిడికెడు.
పట్టీ అడుగున ఎర్ర సిరాతో ఒక్క మాట:
అతుకు.
దాని పక్కన అంకె లేదు.

నాకు నవ్వొచ్చింది.
ఎందుకో ఆమె అడగలేదు.

ఆ రాత్రి దీపాలన్నీ ఆర్పి
బయటి నుంచి మేమే కరెంటు పంపాం.
వెలుగు తినే పలక వెలుగు కక్కింది,
కెమెరా తెర మీద, నివురు ఊదిన నిప్పులా.
ఇవ్వడం చేతకానిది
పుచ్చుకోవడంలోనూ సోమరే అని
ఊర్సినా దాన్ని సమీకరణంగా చెప్పింది.
నాకు మా మేనత్త హెర్మీన్ గుర్తొచ్చింది.

తెర మీద చీకటి చుక్కలు.
ఈగ వాలినంత ఒకటి. పక్కనే ఇంకొకటి.
లెక్కపెడితే ఏడు జతలు,
అన్నీ ఒకే అంచున.
పుట్టిన చార్జి గుమ్మం దాకా వచ్చి
గడప మీదే చచ్చిపోతోంది అక్కడ.
పూత పలచనైందేమో అంది ఊర్సినా.
కడిగిన నీళ్లేమో అంది.
రెండు చుక్కల మధ్య దూరం
నా వేళ్లకు తెలుసు.
ముప్పై ఏళ్లుగా తెలుసు.

"నాది," అన్నాను.
పట్టకారు బల్ల మీద పెట్టాను.

మర్నాటి నుంచి
గాలి పీల్చే కలంతో పలక నెత్తుతున్నాను.
అది దేన్నీ నొక్కదు, దేన్నీ గుర్తుంచుకోదు.
అతుకు మీద కొన్ని అణువుల మందాన కొత్త పూత,
ఇంకాస్త పడితే దారే మూసుకుపోయేంత లెక్కగా.
పదకొండు పలకలు పాడయ్యాయి.
పన్నెండోది పైకప్పు మీద పెట్టాం, అదే మంచులో.

సున్నా దశాంశం నాలుగు.
ఊర్సినా ఆ అంకెను రెండుసార్లు కొలిచి
ఎర్ర మాట పక్కన పెన్సిల్‌తో రాసింది,
రబ్బరుతో చెరిపే వీలుండేలా.

పట్టకారు సొరుగులో ఉంది.
దాని మొనల్లో ఏ లోపమూ లేదు,
భూతద్దం పెట్టి చూశాను.
సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడింది.
పట్టీలో ఇంకా ఆరు వరసలున్నాయి.